పిల్లలకు పుస్తకం చదివి వినిపించడం: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా పాపకు రెండేళ్లు. రాత్రిపూట కథ చదవబోతే రెండు పేజీలు కాకముందే పుస్తకం లాగేసుకుంటుంది, లేచి పోతుంది. పుస్తకాలంటే ఇష్టం లేదనుకోవాలా? – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అస్సలు అనుకోకండి. ఇష్టం ఉండబట్టే లాక్కుంటోంది. ఆ వయసులో కుదురుగా కూర్చునేది నాలుగైదు నిమిషాలే. అరగంట ఏకబిగిన చదవడం కన్నా రోజుకు మూడుసార్లు అయిదేసి నిమిషాలు మేలు. నిద్ర ముంచుకొచ్చి చిరాకు పడుతుంటే సాయంత్రం స్నానం అయ్యాక చదవండి.

ఎదురుగా కూర్చోబెట్టకండి. ఒళ్లో, తన వీపు మీ ఛాతీకి ఆనేలా కూర్చోబెట్టుకుంటే ఇద్దరి చూపూ ఒకే బొమ్మ మీద పడుతుంది. పేజీ తిప్పే పని తనదే. పల్చటి కాగితం చిరుగుతుంది కాబట్టి మందపాటి అట్టతో, పది పన్నెండు పేజీలుండే బొమ్మల పుస్తకం ఇవ్వండి. నాలుగు పేజీలు ఒకేసారి తిప్పేస్తే వెనక్కి వెళ్లకండి, తెరిచిన చోట ఉన్న బొమ్మ గురించే చెప్పండి. ఇప్పుడు కథ కన్నా కబుర్లు ముఖ్యం.

తను వేలు పెట్టి "కుక్క" అంటే, "అవును, నల్ల కుక్క! పరిగెడుతోంది" అని ఒకటి రెండు మాటలు కలపండి. "ఎటు పరిగెడుతోంది?" అని అడిగి, మనసులో అయిదు లెక్కపెట్టేదాకా ఆగండి. చాలామంది పెద్దవాళ్లు ఆగలేక జవాబు తామే చెప్పేస్తారు. మాట కూడబలుక్కోవడానికి పిల్లలకు ఆ వ్యవధి కావాలి. అలాగని ప్రతి బొమ్మకీ "ఇదేంటి, అదేంటి" అని గుచ్చి గుచ్చి అడిగితే పరీక్షలా అయిపోతుంది. పేజీకి ఒక్క ప్రశ్న చాలు.

ప్రశ్న: మూడున్నరేళ్ల మనవడికి చదువుతున్నాను. మా ఇంట్లో "పోయిండు, వచ్చిండు" అంటాం. పుస్తకంలో "వెళ్ళాడు" అని ఉంటే మార్చి చెప్పాలా? – ఒక తాత, కరీంనగర్

జవాబు: మొదట మీ ఇంటి మాటల్లోనే చెప్పండి తాతగారూ. కథ తెలిశాక ఉన్నదున్నట్టు చదివితే "వెళ్ళాడు" కూడా దానంతటదే అర్థమవుతుంది. యాస కన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది వాక్యం పొడవు. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది కదా. "చెట్టు కింద గుర్రుపెట్టి నిద్రపోతున్న సింహం వీపు మీదికి ఆడుకుంటూ వచ్చిన ఎలుక ఎక్కింది" అంటే, ఎవరు ఏం చేశారో తేలేసరికి పిల్లవాడు మొదటి సగం మరిచిపోతాడు. ముక్కలు చేయండి: "చెట్టు కింద సింహం పండుకున్నది. గుర్రు పెడుతున్నది. ఒక ఎలుక వచ్చింది. సింహం వీపు మీదికి ఎక్కింది!"

"దబ్బున", "గలగల", "కిచకిచ" లాంటి మాటలు వచ్చినచోట గొంతు మార్చి, సాగదీసి పలకండి. వాడు మీతో గొంతు కలుపుతాడు చూడండి, చదివేవాళ్లకు అంతకన్నా సంతోషం ఏముంటుంది!

ప్రశ్న: నెలల బిడ్డకు చదివితే ఏం తెలుస్తుంది? – ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: మీ గొంతు తెలుస్తుంది, అది చాలు. పుట్టినప్పటి నుంచే చదివి వినిపించమని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014లో సూచించింది. పుస్తకం నోట్లో పెట్టుకుంటే కంగారు పడకండి, గుడ్డ పుస్తకం ఇవ్వండి.

ప్రశ్న: మేముండేది డల్లాస్‌లో. తెలుగు పుస్తకాలు దొరకవు, ఫోన్‌లో చదవచ్చా? పైగా నాలుగేళ్ల మా బాబు రోజూ ఒకే కథ అడుగుతాడు. – ఒక తండ్రి

జవాబు: చదవచ్చు. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా ఉన్నాయి. కథ దించుకుని ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే మెసేజ్ మోగగానే ఇద్దరి ధ్యాసా చెదురుతుంది. ప్రింట్ తీసి కుట్టుకుంటే ఇంకా మంచిది.

ఒకే కథ అడిగితే విసుక్కోకుండా చదవండి. బాగా అలవాటైన కథలో వాక్యం చివరి మాట దగ్గర ఆగిపోండి, బాబే పూరిస్తాడు. ఆ మాట ఎక్కువగా క్రియే అవుతుంది కాబట్టి, అక్కడ పెరిగే పిల్లలు తడబడే "వచ్చాడు, వచ్చింది, వచ్చారు" తేడా ఇలా నోటికి వచ్చేస్తుంది. "రాజు వచ్చింది" అన్నా తప్పు అనకండి. "ఆఁ, రాజు వచ్చాడు" అని మీరు సరిగ్గా పలికి, పేజీ తిప్పమనండి.