ఐదో నెలలో ఇన్సూరెన్స్ పోతోంది, నవంబరు దాకా ఆగాల్సిందేనా?

ప్రశ్న: మేం టెక్సస్‌లో, డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. మావారిది హెచ్-1బి ఉద్యోగ వీసా, నాది ఆయన భార్యగా వచ్చిన హెచ్-4. మార్చి 12న మావారి ఉద్యోగం పోయింది. హెల్త్ ఇన్సూరెన్స్ మార్చి 31తో ఆగిపోతుందని కంపెనీ లెటర్ ఇచ్చింది. నాకిప్పుడు ఐదో నెల. కోబ్రా, అంటే పాత కంపెనీ ఇన్సూరెన్స్‌నే మన డబ్బుతో కొనసాగించుకోవడం, తీసుకుంటే నెలకి రెండు వేల డాలర్ల పైమాటే. ఇప్పుడు కొత్త పాలసీ ఎవరూ ఇవ్వరని, నవంబరు దాకా విజిటర్ ఇన్సూరెన్స్‌తో నెట్టుకురమ్మని తెలిసిన ఏజెంట్ అంటున్నారు. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. మాకు దారేమైనా ఉందా?

జవాబు: ఉందమ్మా. మీరు నవంబరు దాకా ఆగక్కర్లేదు.

నవంబరు 1న మొదలయ్యేది ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్, అంటే అందరూ కొత్త పాలసీలో చేరే సమయం. ఉద్యోగంతో వచ్చిన ఇన్సూరెన్స్ పోయినవాళ్లకి ఏడాదిలో ఎప్పుడైనా స్పెషల్ ఎన్‌రోల్‌మెంట్ ఉంటుంది. ఇన్సూరెన్స్ ఆగిపోయే తేదీకి ముందు 60 రోజులు, తర్వాత 60 రోజులు మీకు గడువు. ఉద్యోగం తీసేసినా, మానేసినా ఈ హక్కు ఒకటే. ప్రీమియం కట్టక పాలసీ రద్దయితే మాత్రం ఉండదు. టెక్సస్ వాళ్లు ప్రభుత్వం నడిపే ఇన్సూరెన్స్ మార్కెట్‌ప్లేస్ వెబ్‌సైట్ హెల్త్‌కేర్ డాట్ గవ్‌లోనే దరఖాస్తు చేసుకోవాలి. హెచ్-1బి, హెచ్-4 వాళ్లు అక్కడ పాలసీ కొనుక్కోవచ్చు. గర్భం ముందే ఉందని కాదనడానికీ, ప్రీమియం పెంచడానికీ ఆ కంపెనీలకి చట్టం ఒప్పుకోదు. డెలివరీ ఖర్చు ఆ పాలసీల్లో తప్పనిసరిగా ఉండాలి.

విజిటర్ పాలసీ సంగతి వేరు. పాలసీ తీసుకునేనాటికే ఉన్న గర్భానికి అవి మామూలుగా డబ్బు ఇవ్వవు. పైగా ఈ 60 రోజులూ దాంతో గడిపేశాక అది ముగిసిపోతే, దాని పేరుమీద మళ్లీ స్పెషల్ ఎన్‌రోల్‌మెంట్ రాదు. దయచేసి ఆ సలహా వినకండి. ఐదో నెల గర్భిణికి ఇవ్వాల్సిన సలహా అది కాదు.

మీ ఉత్తరం నాకు చేరేసరికి మార్చి ముగియడానికి ఇంకా వారం ఉంది. ఈ వారం చాలా విలువైనది. మార్చి 31లోపు ప్లాన్ ఎంచుకుని మొదటి ప్రీమియం కడితే ఏప్రిల్ 1 నుంచే ఇన్సూరెన్స్ మొదలవుతుంది. ఏప్రిల్‌లో ఎంచుకుంటే మే 1 నుంచే. కంపెనీ ఇచ్చిన లెటర్ జాగ్రత్తగా పెట్టుకోండి. రుజువు అడిగితే ప్లాన్ ఎంచుకున్న 30 రోజుల్లోపు పంపాలి. మీ గైనకాలజిస్టు, మీరు డెలివరీకి అనుకుంటున్న ఆసుపత్రి ఆ ప్లాన్ నెట్‌వర్క్‌లో ఉన్నాయో లేదో ఫోన్ చేసి అడిగాకే ఎంచుకోండి.

ఒకవేళ ఏప్రిల్ ఖాళీగా మిగిలిపోతే కోబ్రా ఆదుకుంటుంది. ఇరవై మంది, అంతకు మించి ఉద్యోగులున్న కంపెనీలకి ఆ చట్టం వర్తిస్తుంది. కావాలని చెప్పడానికి కనీసం 60 రోజులు, చెప్పాక మొదటిసారి డబ్బు కట్టడానికి 45 రోజులు టైమిస్తారు. కట్టారంటే ఏప్రిల్ 1 నుంచే వర్తిస్తుంది. అంటే ఏప్రిల్‌లో ఆసుపత్రి అవసరం పడితేనే తీసుకోవచ్చు. నెలల తరబడి కోబ్రా కట్టి, మధ్యలో భారమై మానేస్తే మాత్రం మార్కెట్‌ప్లేస్ తలుపు తెరుచుకోదు.

ఇక్కడ మనవాళ్లు ఎక్కువగా పొరబడేది రెండు 60 రోజుల దగ్గర. ఉద్యోగం పోయాక దేశంలో ఉండడానికి ఇమ్మిగ్రేషన్ వాళ్లిచ్చే 60 రోజుల గ్రేస్ పీరియడ్‌ని ఉద్యోగం చివరి రోజు నుంచి లెక్కపెడతారు. మీకది మే 11తో ముగుస్తుంది, ఇక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఐ-94 పత్రం గడువు అంతకుముందే అయిపోతే ఇంకా ముందే. ఇన్సూరెన్స్ గడువు మార్చి 31 నుంచి లెక్క, అంటే మే 30 దాకా. ఒకదాని తేదీ చూసుకుని రెండోదానికి నిశ్చింతగా ఉండకండి. మే 11లోపు మీవారి హెచ్-1బిని వేరే కంపెనీ ఫైల్ చేయడమో, స్టేటస్ మార్పుకి దరఖాస్తు చేయడమో జరగాలి. దీనికి ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని ఇప్పుడే కలవండి.

డబ్బు విషయంలో ఒక హెచ్చరిక. 2026లో మీలాంటి వీసా వాళ్లకి కూడా ప్రీమియంలో పన్ను రాయితీ ఉంది. అది కుటుంబ ఆదాయాన్ని బట్టి వస్తుంది. ఈ ఏడాదే బిడ్డ పుడుతుంది కాబట్టి పన్ను లెక్కలో మీరు ముగ్గురు, రాయితీకి మీ ఏడాది ఆదాయ పరిమితి 1,06,600 డాలర్లు. జనవరి నుంచి వచ్చిన జీతం, నిరుద్యోగ భృతి వస్తే అదీ, ఇకముందు రాబోయే జీతం, అన్నీ కలపాలి. మీవారికి జూన్‌లో మంచి ఉద్యోగం వచ్చి ఆదాయం ఆ పరిమితి దాటిందనుకోండి, తీసుకున్న రాయితీ అంతా పన్నుతో పాటు తిరిగి కట్టాలి. ఇదివరకు ఆదాయం తక్కువున్నవాళ్లకి ఈ వసూలు మీద ఒక హద్దు ఉండేది, ఈ ఏడాది నుంచి అదీ లేదు. అందుకని ఉద్యోగం రాగానే వెబ్‌సైట్‌లో ఆదాయం మార్చండి. 2025 జులైలో వచ్చిన చట్టం వల్ల 2027 జనవరి నుంచి హెచ్-1బి, హెచ్-4 వాళ్లకి ఈ రాయితీ ఉండదు. పూర్తి ధరకి కొనుక్కునే హక్కు అలాగే ఉంటుంది.

ఆదాయం బాగా తగ్గిపోతే టెక్సస్‌లో కడుపులో బిడ్డ కోసం చిప్ పెరినేటల్ అనే పథకం ఉంది. దానికి ఎన్‌రోల్‌మెంట్ గడువులేమీ లేవు, ఏడాదిలో ఎప్పుడైనా అడగవచ్చు.

బిడ్డ పుట్టాక మరో గడువు మొదలవుతుంది. మార్కెట్‌ప్లేస్ పాలసీలో పేరు చేర్చడానికి 60 రోజులు. అప్పటికి మీవారు కొత్త ఉద్యోగంలో చేరి అక్కడి పాలసీలో చేర్చాలనుకుంటే 30 రోజులే గ్యారంటీ. ఆ లోపు చేరిస్తే పుట్టిన రోజు నుంచే బిడ్డకి ఇన్సూరెన్స్ వర్తిస్తుంది. ఆ పని మీమీద పెట్టుకోకుండా ఇప్పుడే ఆయనకి అప్పగించండి.