ఎవరి కంట పడకుండా?

మిత్రులకు నమస్కారం.

సూక్ష్మదర్శినిలో తీసిన రాళ్ళ ఫొటోలను, వాటి సొంతదారుల గుట్టు బయటపడకుండా, కంప్యూటర్ చేత వర్గీకరింపజేసే పద్ధతులపై మీరు పంపిన వ్యాసం చదివాను. విశాఖ కొండల ఖొండలైట్ రాతి థిన్ సెక్షన్‌ను, అంటే కాంతి దూరేంత పలచగా అరగదీసిన ముక్కను, క్రాస్డ్ నికోల్స్ (ఒకదానికొకటి అడ్డంగా అమర్చిన రెండు ధ్రువణ ఫలకాలు) కింద తిప్పుతుంటే అందులోని క్వార్ట్జ్, సిలిమనైట్ ఖనిజాలు వెలిగి ఆరుతున్నా గార్నెట్ మాత్రం నల్లగానే ఉండిపోతుందని రాశారు. అది చూసినవాడు రాసిన వాక్యం. కాని నాలుగో పేరాలో "ఈ పద్ధతిలో డేటా పూర్తిగా సురక్షితం" అన్నారు. ఈ ఉత్తరం రాయించింది ఆ మాటే.

ఎవరి నుంచి సురక్షితం? గోప్యత గురించి రాసేవారు దాచేదెవరో, ఏమిటో, ఎవరి కంట పడకుండానో చెప్పి తీరాలన్నది నా మొండిపట్టు. రాయికి గుట్టేమీ లేదు. బోరు వేసిన కంపెనీకి ఉంది: ఏ లోతున ఏ ఖనిజం తగిలిందో తెలిస్తే, పోటీదారు పక్క భూమి లీజుకు ముందే దరఖాస్తు పెడతాడు. మీ వ్యాసంలో ఆ పోటీదారు ఎక్కడా కనిపించడు.

పలు ప్రయోగశాలలు కలిసి ఒకే మోడల్‌కు (ఫొటోల నుంచి నేర్చుకునే ప్రోగ్రాముకు) శిక్షణ ఇచ్చే ఫెడరేటెడ్ లెర్నింగ్‌లో ఏ ప్రయోగశాల ఫొటోలు ఆ ప్రయోగశాలలోనే ఉంటాయని, మోడల్‌లో వచ్చిన మార్పులు మాత్రమే సర్వర్‌కు వెళతాయని మీరు చెప్పింది నిజమే. అయితే ఆ మార్పుల నుంచే అసలు చిత్రాలను తిరిగి రాబట్టవచ్చునని 2019లో పరిశోధకులు చేసి చూపించారు. అంటే సర్వర్ నడిపేవాడి నుంచి రక్షణ దానంతటది రాదు. అందుకే 2006లో సింథియా డ్వర్క్ బృందం ప్రతిపాదించిన డిఫరెన్షియల్ ప్రైవసీని (ఏ ఒక్క ఫొటో గుట్టూ ఫలితంలో బయటపడకుండా చూసే పద్ధతిని) అనుసరించి ఆ మార్పులకు కావాలనే కొంత నాయిస్, అంటే యాదృచ్ఛికమైన తేడా, కలుపుతారు. వేల ఫొటోలున్న క్వార్ట్జ్ ఆ నాయిస్‌ను తట్టుకుంటుంది. కొద్దిపాటి ఫొటోలే ఉన్న అరుదైన ఖనిజం దగ్గర మోడల్ తడబడుతుంది. అన్వేషకుడికి కావలసింది ఆ అరుదైనదే కదా! ఈ చిక్కు మీద మీరు ఒక్క ముక్కా రాయలేదు. గూఢలిపిలో ఉన్న డేటా మీదే లెక్కలు కట్టే హోమోమార్ఫిక్ ఎన్‌క్రిప్షన్‌కు మీరిచ్చిన రెండు వాక్యాలు చాలు. అది ఎంత నెమ్మదో మాత్రం చేర్చండి.

నా తొలి రోజుల్లో, గాజు పలక మీద కార్బొరండం పొడితో రాతి ముక్కను 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీయడం గురించి ఒక పేరా రాశాను. ఆ మందంలో క్రాస్డ్ నికోల్స్ కింద క్వార్ట్జ్ బూడిద రంగులోకి దిగాలి. పసుపు కనిపిస్తోందంటే ఇంకా మందంగా ఉందన్నమాట. "పాఠకులకు ఇంత వివరమెందుకు?" అని ఒక సంపాదకుడు దాన్ని తీసేసి, ఆ జాగాలో తళుకుబెళుకుల శీర్షిక వేశాడు. ఇప్పటి సంపాదకులకు శీర్షికలో "కృత్రిమ మేధ" ఉంటే చాలు, లోపల ఏమున్నా సరే. ఆ కోపం నాకింకా తగ్గలేదు. దానికి కారణం మీ వ్యాసంలోనూ ఉంది. ఒక ప్రయోగశాల సరిగ్గా అరగదీసి, మరొకటి మందంగా వదిలేస్తే, ఒకే ఖనిజం రెండు రంగుల్లో మోడల్‌కు చేరుతుంది. ఎవరి ఫొటోలు ఎవరూ చూడకూడదన్న నియమం వల్ల తేడా ఎక్కడ వచ్చిందో పట్టుకోవడం కష్టమవుతుంది. గోప్యతకు చెల్లించే అసలు మూల్యాల్లో ఇదొకటి.

నాలుగో పేరా కొట్టేయండి. ఒక గనుల కంపెనీ, ఒక విశ్వవిద్యాలయం, ఒక సర్వర్: ఈ ముగ్గురిలో ఎవరికి ఏది కనిపిస్తుందో, ఏది కనిపించదో రాసి మళ్ళీ పంపండి. ఏ పత్రికకు పంపాలన్నది ఆ తర్వాత చూద్దాం.

మీ శ్రేయోభిలాషి