విశాఖ నుంచి అంతర్జాతీయ సముద్ర విజ్ఞాన సదస్సుకు పోస్టర్‌తో వెళ్లడం దండగా?

విశాఖపట్నంలో సముద్ర రసాయనశాస్త్రంలో పరిశోధన చేస్తున్న మీరు, విదేశంలో జరిగే సదస్సుకు పంపిన సారాంశాన్ని ప్రసంగానికి కాక పోస్టర్‌కు, అంటే పరిశోధనను ఒక పెద్ద పటంగా తగిలించి పక్కన నిలబడి వివరించడానికి మాత్రమే అంగీకరించారనీ, అంత ఖర్చు పెట్టుకుని వెళ్తే మనలాంటివారిని అక్కడ ఎవరైనా పట్టించుకుంటారా అనీ అడిగారు. ఇదే ఊళ్లో ఉంటూ బంగాళాఖాతపు తీరజలాల మీద చాలాకాలం పనిచేసి, ఇలాంటి సదస్సులకు పోస్టర్‌తోనూ ప్రసంగంతోనూ వెళ్లివచ్చినవాణ్ణి. ప్రయాణ ఖర్చులో ఎక్కువ భాగానికి సాయం దొరికే పక్షంలో తప్పకుండా వెళ్లమనే అంటాను.

పెద్ద సదస్సుల్లో ఒకే సమయంలో అనేక గదుల్లో ప్రసంగాలు నడుస్తుంటాయి. పది పన్నెండు నిమిషాల ప్రసంగం ముగియగానే వినేవారిలో సగం మంది పక్క గదికి లేచి వెళ్తారు. పోస్టర్ దగ్గర ఆగేది మాత్రం మీ అంకెలతో నిజంగా పని ఉన్నవారే. మన తీరంలో నీటిలో కరిగిన ఆక్సిజన్ మీద నేను పెట్టిన పోస్టర్ ముందు పెరూ నుంచి వచ్చిన శాస్త్రవేత్త ఒకాయన ఆగి, ఫలితాల జోలికి పోకుండా నమూనా ఎలా తీశారని అడిగారు. కోరిన లోతు నుంచి నీటిని పట్టి తెచ్చే నిస్కిన్ సీసా పడవ మీదికి రాగానే మిగతా పరీక్షలన్నిటికంటే ముందు ఆక్సిజన్‌కు నీళ్లు పట్టుకుంటామనీ, బుడగ చేరకుండా గొట్టాన్ని చిన్న సీసా అడుగుదాకా దించి నీరు పొర్లిపోనిస్తామనీ, ఆక్సిజన్‌ను కొలిచేందుకు వాడే వింక్లర్ ద్రావణాలను అక్కడికక్కడే కలిపి గోధుమరంగు అవక్షేపం దిగేదాకా చూస్తామనీ చెప్పాను. ఆయన తన నోటుపుస్తకంలో రాసుకున్నారు. తర్వాత ఈమెయిల్ రాశారు, దత్తాంశం పంచుకున్నాం, చివరకు ఉమ్మడి పత్రం వెలువడింది. అదే సదస్సులో ఇచ్చిన ప్రశంసాపత్రాన్ని ఆ తర్వాత ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

అక్కడ మనకు విలువ తెచ్చిపెట్టేది మన నీళ్లే. వేసవిలో నైరుతి గాలులు తీరం వెంబడి వీచినప్పుడు పైనీరు తీరానికి దూరంగా జరిగి, అడుగు నుంచి చల్లని, ఆక్సిజన్ తక్కువగా ఉన్న నీరు పైకి రావడాన్ని, అంటే అప్‌వెల్లింగ్‌ను, 1950ల తొలినాళ్లలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికన్ శాస్త్రవేత్త యూజీన్ లఫాండ్ ఈ తీరం దగ్గరే పరిశీలించి రాశారు. వర్షాకాలం ముగిసేసరికి నదుల మంచినీరు ఉత్తరం నుంచి తీరం వెంట దిగివచ్చి, ఉప్పునీటి మీద తేలికపాటి పొరగా పరుచుకుని పరిస్థితిని పూర్తిగా మార్చేస్తుంది. ఉపగ్రహాలకు కనిపించేది పైపొర మాత్రమే. సముద్రంలో తమంత తామే తేలుతూ మునుగుతూ కొలిచే ఆర్గో ఫ్లోట్లు సుమారు 1000 మీటర్ల లోతున కొట్టుకుపోతూ, 2000 మీటర్ల నుంచి పైకి కొలుస్తూ వస్తాయి కనుక తీరాన్ని ఆనుకుని లోతు తక్కువగా ఉండే షెల్ఫ్ మీద వాటి కొలతలు చాలా అరుదు. ఫిషింగ్ హార్బర్ నుంచి మర పడవలో వెళ్లి నెలనెలా కొలిచిన అంకెలు మీ దగ్గర ఉంటే, పెద్ద పరిశోధక నౌకలున్న దేశాలవారికి కూడా అవి కావలసినవే. అందువల్ల పోస్టర్‌లో ప్రపంచ సమస్యల పీఠికను రెండు వాక్యాలకు కుదించి, కొలిచిన చోటు, పద్ధతి, పొరపాటు హద్దులు పెద్దవిగా కనబడేటట్టు వేయండి.

మన దగ్గర గుర్తింపు అనగానే వేదిక మీద శాలువా, జ్ఞాపిక గుర్తుకొస్తాయి. జ్యోతి ప్రజ్వలన, సన్మానాలు ముగిసేసరికి మధ్యాహ్నమై, విద్యార్థుల ప్రసంగాలను ఐదు నిమిషాలకు కుదించిన సదస్సుల్లో నేనూ కూర్చున్నాను. అంతర్జాతీయ సదస్సుల్లో గుర్తింపు చాలావరకు సదస్సుకు ముందే మొదలవుతుంది. 2019 సెప్టెంబరులో హోనొలులులో సముద్ర పరిశీలనల మీద జరిగిన ఓషన్‌అబ్స్ సదస్సుకు వివిధ దేశాల బృందాలు ముందుగానే శ్వేతపత్రాలు, అంటే ఆయా అంశాల మీద ఉమ్మడి సమీక్షా పత్రాలు రాశాయి. హిందూ మహాసముద్రపు పరిశీలనల మీద రాసిన దాంట్లో భారతీయులూ ఉన్నారు. అటువంటి పత్రంలో పేరు, ఒక సెషన్‌కు సహనిర్వాహకత్వం, ఒక కార్యవర్గంలో సభ్యత్వం దక్కితే వృత్తిలో మీ తర్వాతి పదేళ్ల మీద వాటి ప్రభావం ఉంటుంది. వీటికి పిలుపు వచ్చేది చాలావరకు పోస్టర్ల దగ్గరి పరిచయాల నుంచే. యువ పరిశోధకుల బహుమతులు లేవని కాదు; కాని చాలా సదస్సుల్లో వాటి పరిశీలనకు ముందే సమ్మతి తెలపాలి, దరఖాస్తులోని ఆ గడిని మనవాళ్లు ఖాళీగా వదిలేస్తుంటారు.

డబ్బు విషయానికి వస్తే, పరిశోధనలకు నిధులిచ్చిన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎస్‌ఈఆర్‌బీ నడిపిన అంతర్జాతీయ ప్రయాణ సహాయ పథకం ఉండేది. ఆ సంస్థ ఇప్పుడు అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్‌లో విలీనమైంది కనుక నేటి నిబంధనలను వారి పోర్టల్‌లో చూడండి. సముద్ర పరిశోధనల సమన్వయానికి 1957లో ఏర్పడిన స్కోర్ సంస్థ, వర్ధమాన దేశాల శాస్త్రవేత్తల ప్రయాణానికి కొన్ని సదస్సుల నిర్వాహకుల ద్వారా సాయం చేస్తుంది. కనుక నిర్వాహకులనే సూటిగా అడగండి. అడగడానికి మొహమాటపడకండి. రుసుములో రాయితీ కూడా అడిగినవారికే దొరకడం చూశాను. ఎక్కడా సాయం దొరకకపోతే అప్పు చేసి వెళ్లమని మాత్రం చెప్పను. ఆ పరిస్థితిలో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ శిక్షణలకు దరఖాస్తు చేసుకోండి, విదేశీ శాస్త్రవేత్తల పరిచయం అక్కడా దొరుకుతుంది.

పోస్టర్‌ను ఫ్లెక్స్ మీద వేయించకండి. హాలు దీపాల కింద మెరిసి అక్షరాలు కనబడవు. గుడ్డ మీద వేయిస్తే మడిచి చేతిసంచిలో పెట్టుకోవచ్చు. నిలువా అడ్డమా అన్నది నిర్వాహకుల సూచనల్లో చూసుకోండి. పడవ సరంగు పేరు, నమూనాలు మోసిన ప్రాజెక్టు సహాయకుల పేర్లు కృతజ్ఞతల్లో వేయండి. విశ్లేషణలో పాలుపంచుకున్నవారు రచయితల వరుసలోనే ఉండాలి, ఈ సంగతి మీ గైడ్ గారితో ముందే మాట్లాడుకోవడం మంచిది. వీసాకు కావలసిన ఆహ్వానలేఖను మాత్రం ఈ వారంలోనే అడగండి, ఎందుకంటే మన వైపు నుంచి వెళ్లేవారికి సారాంశం అంగీకారమయ్యాక కూడా ప్రయాణం ఆగిపోయేది ఎక్కువగా అక్కడే.