కాయితం మీద రాపిచ్చుకో బిడ్డా

బుజ్జీ,

నిన్న రాత్రి మీ బాపు ఫోన్ చేసిండు. అమెరికాల ఒక కాలేజీ ఫుట్‌బాల్ కోచ్ నీ మ్యాచ్ వీడియోలు చూసి సీటిస్తం, ఫీజుల సగం మాఫ్ చేస్తం అన్నడట, నాలుగేండ్లు డిగ్రీ చదువుకుంట వాళ్ళ టీమ్‌కు ఆడాల్నట, ఆగస్టుల పోవాల్నట. ఫోన్ పెట్టినంక మీ పెద్దమ్మ ఏమైంది ఏమైంది అని రెండుసార్లు అడిగింది, నాకు నోట్లకెల్లి మాట రాలే. సంతోషమే బిడ్డా, చాన సంతోషం. సుబేదారి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్ల నా చెప్పులు రెండు గోల్ పోస్టులు పెట్టి నీకు బాల్ తన్నుడు నేర్పినప్పుడు నీకు ఏడేండ్లు, కుడికాలుతోని తన్నమంటే ఎడమకాలే లేస్తుండె. అయితే సంతోషం ఒక దిక్కు, భయం ఒక దిక్కు, రెండు గంటలకు లేచి కూసున్న. ఫోన్ల చెప్తే నువ్వు సరే పెద్దబాపు సరే పెద్దబాపు అని ఊకుంటవ్, అందుకే రాస్తున్న. ఒక్కసారి కాదు రెండుసార్లు చదువు.

చిన్నయి ముందు చెప్పేస్త. పాస్‌పోర్ట్ డేట్ చూసుకో. కాలేజీ నుంచి ఐ-20, అంటే సీటిచ్చినమని వీసా కోసం పంపే కాయితం, రాంగనే సెవిస్ ఫీజు, అంటే బయటి దేశం విద్యార్థులు అమెరికా సర్కారుకు కట్టేది, 350 డాలర్లు కట్టి నానక్‌రామ్‌గూడ కాన్సులేట్ల వీసా స్లాట్ పట్టు, లేటు చెయ్యకు. ఎన్‌సీఏఏ అని అక్కడ కాలేజీ ఆటలు నడిపే సంస్థ ఉంటది, వాళ్ళ ఎలిజిబిలిటీ సెంటర్ల అకౌంట్ తెరవాలె. వాళ్ళు పదో తరగతి మెమో, ఇంటర్ మెమోతోని ఆగరు, తొమ్మిదో తరగతి నుంచి నాలుగేండ్ల చదువు చూస్తరు, దాంట్ల 16 కోర్ సబ్జెక్టులు లెక్క కట్టి కాలేజీ టీమ్‌ల రెండో డివిజన్‌కైతే జీపీఏ, అంటే మార్కుల సగటు, 4కు కనీసం 2.2 ఉండాలంటరు. మన దగ్గర తొమ్మిదో తరగతి మార్కులు ఎవరు దాచిపెడుతరు? రేపే మీ స్కూల్‌కు పోయి హెడ్‌మాస్టర్ సంతకం, స్టాంపుతోని తీసుకో, ఎండాకాలం సెలవులొస్తే ఆఫీసుల మనిషి దొరకడు.

ఇగ అసలు సంగతి. సగం మాఫ్ అన్నడు గదా ఆ కోచ్, దేంట్ల సగం? ట్యూషన్ ఫీజుల సగమా, హాస్టలు, తిండి, పుస్తకాలు, ఇన్సూరెన్స్ అన్ని కలిపి సగమా? మీ బాపును అడిగితే సగం అన్నరు అన్నా అంటడే గని దేంట్ల అనేది ఆయనకు తెల్వదు. ఆయన అప్పుడే ఆత్మకూరు కాడి ఎకరం అమ్ముదామని మాట్లాడుతున్నడు. నాకు కోపమొచ్చింది, గట్టిగనే అన్న, ఒక్క కాయితం చేతికి రాకముందే భూమి అమ్ముడేందిరా అని. నువ్వు కూడ ఆపాలె.

వాళ్ళ దగ్గర మూడు డివిజన్లు ఉంటయి. మూడో డివిజన్ల ఆట కోసమని స్కాలర్‌షిప్ ఇయ్యరు. నీది రెండోది అంటున్నరు. రెండో డివిజన్ల ఆడపిల్లల సాకర్‌కు ఒక కాలేజీ ఇయ్యగలిగేది మొత్తం కలిపి 9.9 ఫుల్ స్కాలర్‌షిప్‌లంత పైసలు, గంతే. టీమ్‌ల పాతిక ముప్పై మంది ఉంటరు, ఆ పైసల్నే ముక్కలు చేసి పంచుతరు. అందుకే ఫుట్‌బాల్‌కు ఫుల్ స్కాలర్‌షిప్ అని ఎవరన్న చెప్తే వెంటనే నమ్మకు. నీకు సగం ఇస్తమన్నరంటే నీ ఆట నచ్చిందన్నట్టే, దానికి నా ఛాతి ఉబ్బింది. అయినా అది నోటి మాట బిడ్డా. నోటి మాట నీటి మూట.

నేనింత ఎందుకు చెప్తున్ననో నీకు తెల్వది. మీ బాపుకు కూడ సగమే తెలుసు.

1983ల నాకు 21 ఏండ్లు, బీకాం ఫైనల్ ఇయర్. కాజీపేటల పట్టాల అవతల గ్రౌండ్ల రోజూ ఆడుతుంటిమి, నాది లెఫ్ట్ హాఫ్. ఒక డిపార్ట్‌మెంట్ టీమ్‌ను చూసుకునే పెద్దసారు ఒకాయన ఆట చూసి నన్ను పక్కకు పిలిచిండు, వేలికి నీలం రాయి ఉంగరం ఉండె, ఆ చెయ్యి నా భుజం మీదేసి తమ్మీ ఈ సీజన్ మాకు ఆడు, జూన్ల స్పోర్ట్స్ కోటాల నీ నౌకరి పక్కా, నేనున్న అన్నడు. నేను ఇంటికి నడిచి రాలే, ఉరికొచ్చిన. ఏప్రిల్ల సికింద్రాబాద్ల సెమీఫైనల్ పడ్డది, అదే రోజు పొద్దున నాకు పరీక్ష. ఇంట్ల పరీక్ష రాస్తనని చెప్పిన, అంగి జేబుల హాల్ టికెట్ పెట్టుకున్న, మీ నాయనమ్మ పెరుగన్నం పెట్టి నొసటికి బొట్టు పెట్టింది. సెంటర్ దిక్కు రెండు గల్లీలు నడిచి, అక్కడి నుంచి స్టేషన్‌కు మళ్ళిన. ఎందుకు మళ్ళిన అంటే నౌకరొస్తున్నప్పుడు డిగ్రీ ఎందుకు, కావాల్నంటే సెప్టెంబర్ల రాసుకోవచ్చు అని. మ్యాచ్ గెలిచినం, 2-1. రెండో గోల్‌కు పాస్ నాదే. పెద్దసారు అందరి ముందట శభాష్ అన్నడు.

జూన్ వచ్చింది, ఆర్డర్ రాలే. జూలైల అడిగితే ఫైల్ పైకి పోయింది అన్నడు. ఆగస్టుల ఆయన ట్రాన్స్‌ఫరయ్యిండు. కొత్తగ వచ్చినాయన నువ్వెవరు బాబూ అన్నడు, నీ దగ్గర ఏమన్న లెటర్ ఉన్నదా అన్నడు. ఏముంది నా దగ్గర? భుజం మీద చెయ్యి ఒక్కటే ఉండె. అయినా ఆశ చావక వాళ్ళకే ప్రాక్టీస్‌కు పోయిన, సెప్టెంబర్ పరీక్ష ఫీజు కూడ కట్టలే.

ఇంతకంటె పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. ఆ సెమీఫైనల్ తెల్లారి మీ నాయనమ్మ నా అంగి ఉతకబోతె జేబుల హాల్ టికెట్ దొరికింది. ఆమెకు చదువు రాదు. నా ఫోటో ఉన్నది, ఫోటో మీద సగం వరకు గుండ్రటి స్టాంపు ఉన్నది, అది చూసి నౌకరి కాయితం అనుకున్నది. నేనింటికి వచ్చేవరకు దానికి నాలుగు మూలల పసుపు పెట్టి దేవుని పటాల కాడ నిలబెట్టి దీపం ముట్టిచ్చింది. వచ్చింది గద కొడుకా అన్నది. నేను కాదమ్మా అనలే. అనలేక పోయిన. చెమటకు అంచులు ముడుసుకపోయి ఉండె ఆ కాయితం, ఎన్నో నెలలు అక్కడనే ఉన్నది, రోజూ పొద్దున దాని ముందట నిలబడి దండం పెట్టుడు, తలకాయ పైకి లేపలేక. మీ తాతకు దసరాకు అసలు సంగతి తెలిసింది. ఒక్క మాట అనలే, తిట్టినా బాగుండు. పటాల కాడికెల్లి ఆ కాయితం తీసి మడిచి నా చేతిల పెట్టి పొలానికి పోయిండు.

డిగ్రీ 1987ల పూర్తి చేసిన, నాలుగేండ్లు ఎనకపడ్డ. ఆ తర్వాత బీపీఈడీ చేసి డ్రిల్ సారునైన. నా పిల్లలు ఎంతమందో ఆడిన్రు, గెలిచిన్రు, ఆ బతుకు మీద నాకు బాధ లేదు. అయితే మీ బాపు నిన్న ఫోన్ల కోచ్ మాటిచ్చిండు అన్నా అన్నప్పుడు నాకు ఆ నీలం ఉంగరమే కండ్ల ముందట కనబడ్డది.

అందుకే చెప్తున్న, ఆ కోచ్ మంచోడే కావచ్చు, నేను కాదంటలే, కానీ కోచ్‌లు మారుతరు, వేరే కాలేజీకి పోతరు, తీసేస్తరు కూడ. మాట ఆయనతోని పోతది, కాయితం కాలేజీల ఉంటది. ఇదివరకు నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ అని ఒకటి ఉండేదట, 2024 అక్టోబర్ల దాన్ని తీసేసిన్రు, ఇప్పుడు అథ్లెటిక్ స్కాలర్‌షిప్ అగ్రిమెంటే అసలు కాయితం. దాంట్ల ఎన్ని డాలర్లు, ఏమేమి కలిసినయి, ఏ సెమిస్టర్ నుంచి ఏ సెమిస్టర్ దాక అని ఉంటది. నాలుగేండ్లకని మీరనుకుంటున్నరు, చానవరకు ఒక్క ఏడాదికే ఇచ్చి ప్రతి ఏడాది రెన్యువల్ చేస్తరు. ఆ ఏడాది నడిమిట్ల నువ్వు దెబ్బ తగిలి కూసున్నా, ఆట బాగ లేకున్నా దాన్ని తగ్గించరాదు, అది రూల్. ఏడాది అయిపోయినంక ఇయ్యకపోవచ్చు, ఇయ్యకుంటే జూలై 1 లోపల రాతల చెప్పాలె, నువ్వు అప్పీల్ పెట్టుకోవచ్చు. అందుకే కోచ్‌ను సీదా అడుగు, మోకాలు పోతే రెండో ఏడాది మీ దగ్గర పిల్లలకు ఏం చేసిన్రు అని. అడుగుడు తప్పు కాదు బిడ్డా, అడగకపోవుడే తప్పు. ఫోన్ల మాట్లాడినా ఆ తర్వాత మెయిల్ పెట్టి మీరు ఇట్ల అన్నరు కరెక్టేనా అని జవాబు తెప్పిచ్చుకో.

హైదరాబాద్ల కన్సల్టెన్సీ వాళ్ళు స్కాలర్‌షిప్‌ల ఇంత పర్సెంటేజీ మాది అన్నరని మీ అమ్మ చెప్పింది. వద్దు. ప్లేయర్లను కాలేజీలకు పరిచయం చేసే సర్వీసులు ఒక ఫీజు తీసుకోవచ్చు గని స్కాలర్‌షిప్ ఎంతొస్తే అంతల వాటా అంటే ఎన్‌సీఏఏ రూల్‌కు విరుద్ధం, నీ ఎలిజిబిలిటీనే పోతది. ఇంకోటి, పండుగ టోర్నమెంట్లల్ల మీకు ప్రైజ్ మనీ ఇచ్చిన్రు గదా, ఎంత, ఎవరు తీసుకున్నరు, దేనికి ఖర్చయ్యింది, గుర్తున్నంత రాసి పెట్టుకో. అమెచ్యూర్ ప్రశ్నలు, అంటే పైసల కోసం ఆడినవా అని, అడుగుతరు, ఉన్నది ఉన్నట్టు చెప్పు. బస్ ఛార్జీలకు, తిండికి అయినయి అంటే వింటరు, దాచినవని తెలిస్తే వినరు.

చదువు గురించి ఒక్కటే మాట. వాళ్ళ సీజన్ ఆగస్టు నుంచి నవంబర్ దాక, వారానికి రెండు మ్యాచ్‌లు, బస్సుల గంటల కొద్దీ ప్రయాణాలు, పోయిన వారమే కాలేజీల చేరిన పిల్ల అని ఎవరూ చూడరు. ఒక్క సబ్జెక్ట్ ఇడిసిపెడ్త, తర్వాత రాసుకుంట అనిపిస్తది, నాకనిపించినట్టే. నీకు సెమిస్టర్‌కు 12 క్రెడిట్ల కంటె తగ్గితే ఆటకూ ముప్పే, ఎఫ్-1 అనే చదువు వీసాకూ ముప్పే. ఏ సబ్జెక్టూ ఇంటర్నేషనల్ ఆఫీస్‌ల అడగకుండ ఇడిసిపెట్టకు. బయట షాపుల్ల క్యాష్‌కు పని చేసే మన పిల్లలు కనబడుతరు, వాళ్ళ కష్టం వాళ్ళది, నువ్వు మాత్రం పోకు. క్యాంపస్ లోపల వారానికి 20 గంటల దాక చేసుకోవచ్చు. ఇన్‌స్టాల పోస్ట్ పెడితే బూట్లు ఇస్తం పైసలిస్తం అని ఎవరన్న వస్తే కూడ ఆ ఆఫీస్‌ల అడుగకుండ ఊ అనకు, అక్కడి పిల్లలకు అది మామూలే గని వీసా మీద పోయినోళ్ళకు కాదు.

పోయిన ఏడాది కరీంనగర్ల మడమ వాసి ఉంటే సాక్సు కింద గుడ్డ చుట్టుకొని ఆడినవ్, నాకు తెల్వదనుకున్నవా? నువ్వు కార్నర్ కొట్టనికి పోతున్నప్పుడే అడుగు చూసి పట్టుకున్న. అప్పుడు అందరి ముందట అనొద్దని ఊకున్న, ఇప్పుడు అంటున్న, ఇంకోసారి అట్ల చేస్తే నేను మీ కోచ్‌కు మెయిల్ పెడ్త. ఆడపిల్లల మోకాళ్ళల్ల ఏసీఎల్ అనే లిగమెంట్ తెగుడు మగపిల్లల కంటె ఎక్కువ, తెగితే తొమ్మిది నెలలు ఆటకు దూరం. నేను నేర్పిన వార్మప్, ఫిఫా 11 ప్లస్, 20 నిమిషాలు అలవాటు మానకు, చలికాలమైతే అసలే మానకు. ప్రతి టీమ్‌కు అథ్లెటిక్ ట్రైనర్ ఉంటరు, నొప్పి ఉంటే కోచ్ కంటె ముందు వాళ్ళకు చెప్పు. తలకు దెబ్బ తాకితే దాచుకోకు, కండ్లు తిరుగుతున్నయని చెప్పనికి సిగ్గేంది. ఇన్సూరెన్స్‌ల ఆట దెబ్బలు కవరైతయా లేదా అని కూడ రాతల అడుగు.

మీ అమ్మ ఏడుస్తున్నదని విన్న. ఆమెకు నేను చెప్తలే. మన నిజామాబాద్ బిడ్డ గుగులోత్ సౌమ్య 2022ల క్రొయేషియాకు పోయి డైనమో జాగ్రెబ్ టీమ్‌ల చేరింది, అదితి చౌహాన్ ఇంగ్లాండ్ల లఫ్‌బరో యూనివర్సిటీల చదువుకున్నది, 2015ల వెస్ట్‌హామ్ ఆడపిల్లల టీమ్‌కు గోల్‌కీపర్‌గ ఆడింది, పిల్లలు పోతున్నరు వస్తున్నరు అని చెప్త. కానీ నువ్వు కూడ ఆమె పక్కన జరసేపు కూసో, ఫోన్ పక్కకు పెట్టి. ఈ నాలుగు నెలలు నువ్వింట్ల ఉన్నప్పుడు నిన్ను చూసుకునుడే ఆమెకు మిగులుతది.

టికెట్ పైసలు నావి. మీ బాపు ఒప్పుకోడు, నువ్వు ఒప్పియ్యి. రిటైరైనప్పటి నుంచి పక్కకు పెట్టిన, ఇంతకంటె మంచి ఖర్చు నాకు లేదు.

అగ్రిమెంట్ వచ్చిన రోజు సంతకం పెట్టకముందే అన్ని పేజీలు ఫోటో తీసి నాకు పంపు, రాత్రయినా సరే. నేను కళ్ళద్దాలు పెట్టుకొని లైన్ లైన్ చదువుత, అర్థం కానిది గీత కొట్టి నీకు పంపుత. ఆదివారం పొద్దుగాల అయిదున్నరకు ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కు రా, స్టడ్స్ తెచ్చుకో. నీ కుడికాలు ఇంకా బాగ లేదు, ఆగస్టు లోపల దాని పని పట్టాలె. పెద్దమ్మ సర్వపిండి చేస్తనన్నది, ఆట అయినంక ఇంటికి పోయి తిందాం.

మీ పెద్దబాపు