ఇంట ఓడి రచ్చ గెలిచారా? పీవీ ఎన్నికల లెక్క

ప్రశ్న: పీవీ నరసింహారావు గారి మాట వచ్చినప్పుడల్లా మా ఊరి గ్రంథాలయంలో వాదం లేస్తుంది. 'ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, ఆయనేమో ఇంట ఓడి రచ్చ గెలిచాడు, సొంత బలం లేని నాయకుడు' అని కొందరంటారు. 'ఐదు లక్షల పైచిలుకు ఆధిక్యంతో గెలిచిన మనిషికి బలం లేదా' అని మరికొందరు ఎదురు తిరుగుతారు. ఆయన మొత్తం ఎన్నిసార్లు పోటీ చేశారు? ఎన్నిసార్లు ఓడారు? వివరంగా చెప్పగలరు.
– ఒక పాఠకుడు, జమ్మికుంట

జవాబు: ముందు లెక్క చెప్పి, తరువాత వాదంలోకి వస్తాను. 1952 నుంచి 1996 వరకు పీవీ శాసనసభకు నాలుగుసార్లు, లోక్‌సభ స్థానాలకు తొమ్మిదిసార్లు, మొత్తం పదమూడు పోటీల్లో నిలబడ్డారు. పదకొండింట గెలిచి, రెండింట ఓడారు. లోక్‌సభకు ఆయనను పంపిన నియోజకవర్గాలు మూడు రాష్ట్రాలలో ఉన్నాయి: అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో హనుమకొండ, నంద్యాల, మహారాష్ట్రలో రాంటెక్, ఒడిశాలో బరంపురం. మీ గ్రంథాలయంలోని రెండు పక్షాలవారూ ఈ పదమూడింటిలో తమకు నచ్చిన ఒక్కొక్కదానిని పట్టుకుని మాట్లాడుతున్నారు. ఒకరిది 1984, మరొకరిది 1991. నా మట్టుకు నాకు ఆయన బలాన్ని తూచడానికి ఈ రెండూ సరైన తూకపురాళ్లు కావనిపిస్తుంది.

మొదటి పోటీయే ఓటమి. 1952లో, ముప్పై ఏళ్ల వయసులో, కరీంనగర్ లోక్‌సభ స్థానానికి కాంగ్రెస్ తరఫున నిలబడి బద్దం ఎల్లారెడ్డి చేతిలో ఓడిపోయారు. సాయుధ పోరాటం ముగిసి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఉండడంతో ఆ పార్టీవారు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరుతో పోటీ చేశారు. నల్లగొండలో అదే ఫ్రంట్ అభ్యర్థి రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చిన ఎన్నిక అది. ఆ గాలిలో ఒక కొత్త న్యాయవాది ఓడిపోవడంలో వింత లేదు.

1957లో ఆయన మంథనికి వెళ్లారు. ఆంధ్ర ప్రాంతంలో 1955లోనే ఎన్నికలు జరిగిపోయాయి కాబట్టి ఆ ఏడాది తెలంగాణ ప్రాంతంలోని శాసనసభ స్థానాలకే పోలింగ్ జరిగింది. మంథని ఆయన పుట్టిన ఊరు కాదు, పెరిగిన ఊరూ కాదు. పుట్టింది లక్నేపల్లిలో, దత్తత వెళ్లింది వంగరకు. మంథని గోదావరి ఒడ్డున, అడవిని ఆనుకుని ఉన్న పాత పండితుల ఊరు. ఆ స్థానం నుంచి ఆయన 1957, 1962, 1967, 1972లలో వరుసగా నాలుగుసార్లు గెలిచారు. మంత్రి అయినదీ, 1971 సెప్టెంబరు 30న ముఖ్యమంత్రి అయినదీ మంథని శాసనసభ్యుడిగానే. పీవీకి ఎన్నికల పునాది లేదనేవారు ఈ ఇరవై ఏళ్లను ఎందుకు దాటేస్తారో నాకెప్పుడూ అర్థం కాదు. బహుశా ప్రధానమంత్రి కథ చెప్పేటప్పుడు శాసనసభ స్థానం చిన్నదిగా కనిపిస్తుంది కాబోలు.

స్థానికులకే ఉద్యోగాలన్న ముల్కీ నిబంధనల మీది తీర్పు, ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోరిన జై ఆంధ్ర ఉద్యమం ముఖ్యమంత్రి పదవిని మింగేశాక, 1977లో ఆయన హనుమకొండ నుంచి లోక్‌సభకు వెళ్లారు. 1980లో మళ్లీ గెలిచారు. ఈ రెండు గెలుపులకు నేను ఎక్కువ మార్కులు వేయను. ఆ రెండుసార్లూ ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాలలో 41 ఇందిరాగాంధీ నాయకత్వాన నిలిచిన కాంగ్రెస్‌కే దక్కాయి. ఆ గాలిలో గెలవడం కంటే ఓడడమే కష్టం.

అదే న్యాయం 1984కూ వర్తించాలి కదా. ఆ ఏడాది ఆగస్టులో ఎన్టీ రామారావును గద్దె దించి, జనం ఆగ్రహం చూశాక సెప్టెంబరులో మళ్లీ కూర్చోబెట్టారు. డిసెంబరు ఎన్నికలలో దేశమంతటా కాంగ్రెస్‌కు నాలుగు వందలకు పైగా స్థానాలు వస్తే, ఇక్కడ 42లో 30 తెలుగుదేశం గెలుచుకుంది. హనుమకొండలో తెలుగుదేశం మద్దతుతో నిలబడిన భారతీయ జనతా పార్టీ అభ్యర్థి చందుపట్ల జంగారెడ్డి, అప్పటి కేంద్ర హోంమంత్రి పీవీని దాదాపు 54 వేల ఓట్ల తేడాతో ఓడించారు. ఆ ఎన్నికలో ఆ పార్టీకి దేశం మొత్తం మీద దక్కినవి రెండే స్థానాలు: ఒకటి గుజరాత్‌లోని మెహసానా, రెండవది మన హనుమకొండ. ఆ కారణంగానే ఈ ఓటమి అందరికీ అంతగా గుర్తుండిపోయింది. అయితే జంగారెడ్డి గాలికి కొట్టుకొచ్చిన మనిషి కాదు, జనసంఘం రోజుల నుంచి అదే ప్రాంతంలో తిరిగి శాసనసభకు కూడా నెగ్గిన నాయకుడు. ఎదుటివాడి బలాన్ని తక్కువ చేసి ఓడినవాడిని వెక్కిరించడం మన రాజకీయ సంభాషణలో పాత అలవాటు.

పీవీ అదే ఎన్నికలో రాంటెక్ నుంచి కూడా నామినేషన్ వేసి గెలిచారు. దీనిని 'పారిపోవడం' అన్నవారున్నారు. ముందుజాగ్రత్త అనే మాట మాత్రం కాదనలేం. విదర్భ కాంగ్రెస్‌కు గట్టి పట్టున్న నేల. ఆయన న్యాయశాస్త్రం చదివిన నాగపూర్‌కు రాంటెక్ ఎంతో దూరం కాదు, మరాఠీలో ఆయన అనర్గళంగా మాట్లాడగలరు. 1989లో ఆంధ్రప్రదేశ్‌లో గాలి మళ్లీ తిరిగి, 42లో 39 కాంగ్రెస్‌కు వచ్చినా, ఆయన హనుమకొండకు తిరిగి రాకుండా రాంటెక్‌లోనే నిలబడి గెలిచారు. 'ఇంట' అనే మాట మీద మీ మిత్రులకు నిజంగా ఒక పాయింటు దొరికేది ఇక్కడే.

ఇక 1991. ఆ సాధారణ ఎన్నికలలో పీవీ పోటీయే చేయలేదు. ఆ ఏడాది ఎన్నికల సంఘం నివేదిక తిరగేస్తే నంద్యాల విజేతగా గంగుల ప్రతాపరెడ్డి పేరు ఉంటుంది, పీవీ పేరు ఎక్కడా ఉండదు. మే 21న రాజీవ్ గాంధీ హత్య, జూన్ 21న ప్రధానిగా పీవీ ప్రమాణం. సభ్యుడు కాని మంత్రి ఆరు నెలలలోగా ఏదో ఒక సభకు ఎన్నిక కావాలన్న రాజ్యాంగ నియమం ప్రకారం ఆయనకు ఒక స్థానం కావాలి. ప్రతాపరెడ్డి తప్పుకున్నారు. తెలుగువాడు తొలిసారి ప్రధాని అయ్యాడని ఎన్టీ రామారావు తెలుగుదేశం అభ్యర్థిని నిలపలేదు. నవంబరు ఉపఎన్నికలో పీవీకి 6,26,241 ఓట్లు, భారతీయ జనతా పార్టీ అభ్యర్థి బంగారు లక్ష్మణ్‌కు 45,944 ఓట్లు పడ్డాయి. ఈ రెండు అంకెలను ఒకదాని కింద ఒకటి రాసి చూడండి. తేడా 5,80,297. గిన్నిస్ పుస్తకానికి ఎక్కిన ఈ తేడా, ప్రధాన ప్రతిపక్షం బరిలోనే లేని చోట పుట్టింది. గౌరవంగా చూస్తే ఎంతో గొప్పది, బలపరీక్షగా చూస్తే దాదాపు సున్నా.

అసలు పరీక్ష అదే నంద్యాలలో 1996లో జరిగింది. ఈసారి తెలుగుదేశం మర్యాద పాటించలేదు. ఆళ్లగడ్డ శాసనసభ్యుడు భూమా నాగిరెడ్డిని, అంటే ఆ నేల మీద ప్రతి ఊరిలోనూ మనుషులున్న నాయకుడిని, ప్రధాని మీద పోటీకి దింపింది. దేశంలో కాంగ్రెస్ 140 స్థానాలకు పడిపోయిన ఆ ఎన్నికలో పీవీ 98 వేలకు పైగా ఆధిక్యంతో నెగ్గారు. ఐదు లక్షల ఎనభై వేలు లక్ష లోపుకు దిగిందని అప్పట్లో నవ్వినవారున్నారు. నన్నడిగితే, మంథని తరువాత ఆయన ఖాతాలో అతి గట్టి గెలుపు ఇదే.

కాబట్టి మీ గ్రంథాలయ వాదానికి నా తీర్పు ఇది: 'ఇంట ఓడారు' అన్నది ఒకే ఒక్క ఎన్నిక మాట, దానికి ముందు నాలుగుసార్లు మంథనిలో, రెండుసార్లు హనుమకొండలో గెలిచిన సంగతి అందులో లేదు. 'రికార్డు ఆధిక్యం' అన్నదీ ఒకే ఒక్క ఎన్నిక మాటే.

ప్రశ్న: 1996లో రెండు చోట్ల గెలిచినప్పుడు పీవీ తెలుగు నేల మీది నంద్యాలను వదిలి బరంపురం ఎందుకు ఉంచుకున్నారు? అలా వదలడం చట్టబద్ధమేనా?
– ఒక పాఠకురాలు, బనగానపల్లె

జవాబు: చట్టబద్ధం మాత్రమే కాదు, తప్పనిసరి. రెండు స్థానాలలో గెలిచినవారు పద్నాలుగు రోజులలోగా ఒకటి వదులుకోవాలి, లేకపోతే రెండూ పోతాయి. ఆ రోజులలో ఎన్ని చోట్లనైనా పోటీ చేయడానికి వీలుండేది. 1985లో ఎన్టీ రామారావు గుడివాడ, హిందూపురం, నల్లగొండలలో నిలబడి మూడింటా గెలిచిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 1996లోనే, ఆ ఎన్నికలు ముగిసిన తరువాత, ఒకేసారి రెండు స్థానాలకు మించి పోటీ చేయరాదని చట్టాన్ని సవరించారు.

ఇక బరంపురాన్ని మరీ పరాయిగా చూడకండి. గంజాం జిల్లాలో తెలుగువారు తరతరాలుగా ఉన్నారు, బరంపురం బజారులో తెలుగు వినిపించని వీధి తక్కువ. పీవీ ఎంపిక ఫలితం మీ ప్రాంతంలో వెంటనే కనిపించింది. ఖాళీ అయిన నంద్యాలకు జరిగిన ఉపఎన్నికలో, కొద్ది నెలల క్రితం ఓడిన భూమా నాగిరెడ్డే గెలిచారు. 1998, 1999లలోనూ ఆయనే గెలిచారు. పెద్దవారిని గెలిపించి పంపి, తాను ఖాళీ కావడం నంద్యాలకు కొత్తేమీ కాదు. 1977లో రాష్ట్రంలో జనతా పార్టీకి దక్కిన ఒకే ఒక్క స్థానం అదే. అక్కడ గెలిచిన నీలం సంజీవరెడ్డి నెలల వ్యవధిలోనే లోక్‌సభ స్పీకరు, ఆ వెంటనే రాష్ట్రపతి అయ్యారు. పీవీకి మాత్రం బరంపురమే ఆఖరి నియోజకవర్గం అయింది. 1998లో సీతారాం కేసరి నాయకత్వంలోని కాంగ్రెస్ ఆయనకు టికెట్టు ఇవ్వలేదు, ఆయన మళ్లీ పోటీ చేయలేదు.

ప్రశ్న: పీవీ నంద్యాల ఆధిక్యం ఇప్పటికీ రికార్డేనా?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: కాదు. 2004లో పశ్చిమ బెంగాల్‌లోని ఆరాంబాగ్‌లో అనిల్ బసు 5,92,502 ఓట్ల ఆధిక్యంతో దానిని దాటారు. 2014లో మహారాష్ట్రలోని బీడ్ ఉపఎన్నికలో ప్రీతమ్ ముండే దాదాపు ఏడు లక్షలకు తీసుకెళ్లారు. 2024లో ఇందోర్‌లో శంకర్ లాల్వానీ ఆధిక్యం 11 లక్షల 75 వేలకు చేరింది. అక్కడ కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ వెనక్కి తీసుకోవడంతో రెండవ స్థానంలో ఏ అభ్యర్థీ లేరు. 2 లక్షల 18 వేల ఓట్లతో నోటా నిలిచింది. నంద్యాలలో కనీసం బంగారు లక్ష్మణ్ ఉన్నారు.