ఆఖరి పోటీలో ఓడించడం అవమానమా?

ప్రశ్న: జాన్ సీనా చివరి పోటీని ఆ ఆదివారం పొద్దున్నే మా అబ్బాయితో కలిసి చూశాను. ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో గెలుపోటములను ముందే నిర్ణయిస్తారని నాకు తెలుసు. మరి ఇరవై మూడేళ్లు ఆడిన మనిషిని ఆఖరి రోజైనా గెలిపించకుండా, అందరి ముందూ లొంగిపోయేలా చేయడం అవమానం కాదా? మా వాడు ఆ పూట అన్నం ముట్టలేదు.
– ఒక పాఠకుడు, మలక్‌పేట, హైదరాబాద్

జవాబు: మీ అబ్బాయి బాధ న్యాయమైనదే. ఆ రోజు అక్కడున్న ప్రేక్షకులు కూడా గట్టిగా అరిచి తమ అసంతృప్తిని తెలిపారు. అయినా అది అవమానమని నేను అనుకోను. ఫలితం ముందే నిర్ణయమయ్యే ఆటలో ఓటమి అంటే, ఓడినవాడు తన పేరులో కొంత గెలిచినవాడికి ఇవ్వడం. వెళ్లిపోయేవాడికి ఇక ఆ గెలుపుతో పని లేదు. బరిలో మిగిలేవాడికి మాత్రం ‘ఫలానావాణ్ణి ఓడించాడు’ అన్న మాట ఏళ్ల తరబడి అన్నం పెడుతుంది. అందుకే పెద్ద రెజ్లర్లు ఓడి తప్పుకోవడం ఆ వృత్తిలో పాత ఆనవాయితీ. షాన్ మైకేల్స్ 2010లో అండర్‌టేకర్ చేతిలో అలాగే ఓడాడు. అంతకు రెండేళ్ల ముందు, 2008 మార్చి 30న ఆర్లాండోలో, రిక్ ఫ్లెయిర్‌ను ఓడించే బాధ్యత ఆ మైకేల్స్‌దే అయింది. కన్నీళ్లతో ఎదురుగా నిలబడ్డ ఫ్లెయిర్‌ను చూస్తూ, ‘క్షమించు, నువ్వంటే నాకు ప్రేమ’ అని పెదవులు కదిపి, ఆ తరువాతే కాలెత్తి దవడ మీద తన్నాడు. ఫ్లెయిర్ తరువాత వేరే చోట్ల మళ్లీ పోటీలకు దిగాడు. దిగకుండా ఉంటే బాగుండేదని ఇప్పటికీ నాకు అనిపిస్తుంది.

సీనా 2025 డిసెంబరు 13న వాషింగ్టన్‌లో గుంథర్‌తో తలపడ్డాడు. మెడ చుట్టూ చేయి బిగించే స్లీపర్ హోల్డ్‌లో చిక్కుకుని, చివరికి చిన్నగా నవ్వి, చేత్తో తట్టి ఓటమిని ఒప్పుకొన్నాడు. ‘ఎన్నటికీ లొంగవద్దు’ అన్న మాటను ఏళ్ల తరబడి చొక్కాల మీద, తువ్వాళ్ల మీద మోసిన మనిషి తానే తట్టాడు కాబట్టి, గుంథర్‌కు దక్కినంత విలువైన గెలుపు మరొకరికి దక్కలేదని నా నమ్మకం.

మీ వాడికి సీనా గెలుపే చూడాలని ఉంటే 2023 సెప్టెంబరు 8న మన గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో జరిగిన పోటీని చూపించండి. అక్కడ సీనా, సెత్ రోలిన్స్ కలిసి ఓడించిన కైజర్, విన్సీ ఇద్దరూ అప్పట్లో ఈ గుంథర్ జట్టువారే.