అడగండి, చెబుతాం: ప్రెస్‌బర్గ్ సోఫర్లు

ప్రశ్న: ప్రెస్‌బర్గ్‌లో సోఫర్ కుటుంబంవాళ్లు నాలుగు తరాలు యూదుల రబ్బీలుగా, అంటే మత ధర్మం చెప్పే పెద్దలుగా ఉన్నారని చదివాను. మన గుళ్లలో అర్చకత్వంలా అదీ వంశపారంపర్యమేనా?
– పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: కాదండీ. యూదుల్లో పుట్టుకతో వచ్చేది కోహెన్ అనే పురోహిత హోదా. రబ్బీ కావాలంటే ధర్మశాస్త్రం చదివి, తీర్పు చెప్పగలడని గురువు చేత అనిపించుకోవాలి. ఆపైన ఏదో ఒక ఊరి సమాజం కుదుర్చుకుంటేనే పదవి. 1762లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టిన మోషే సోఫర్‌ని 1806లో అప్పట్లో హంగేరీలో ఉన్న ప్రెస్‌బర్గ్, అంటే నేటి స్లొవాకియా రాజధాని బ్రాటిస్లావా, అలాగే పిలిపించుకుంది. 1839లో ఆయన పోయాక 24 ఏళ్ల కొడుకు అవ్రహామ్‌ని, 1871లో మనవడు సింహా బునిమ్‌ని, తర్వాత మునిమనవడు అకీవాని నిలబెట్టుకుంది.

వారసత్వంగా అందింది చదువూ, సంబంధాలూ. మోషే భార్య పోజెన్ (నేటి పోలండ్‌లోని పోజ్నాన్) రబ్బీ అకీవా ఎగర్ కూతురు. రబ్బీల ఇళ్ల మధ్య ఇలాంటి వియ్యాలు మామూలే. ప్రెస్‌బర్గ్ విద్యాపీఠంలో చదివినవాళ్లు హంగేరీ ఊళ్లలో రబ్బీలయ్యారు. మోషే మరో కొడుకు షిమోన్, అప్పట్లో ఆస్ట్రియా ఏలుబడిలో ఉన్న క్రాకోవ్‌కి రబ్బీగా ఉంటూనే 1879లో ఆస్ట్రియా పార్లమెంటుకు ఎన్నికయ్యారు.

ప్రశ్న: రబ్బీ పని ప్రార్థన చేయించడమేనా?
– పాఠకుడు, గాజువాక

జవాబు: సామూహిక ప్రార్థనకు పదిమంది వయోజన పురుషులుంటే చాలు, రబ్బీ లేకపోయినా జరుగుతుంది. ఆయన అసలు పని తీర్పు. ఊళ్ల నుంచి సందేహాలు ఉత్తరాల్లో వచ్చేవి, ఆధారాలు చూపిస్తూ జవాబు రాసేవారు. మోషే సోఫర్ రాసినవే వెయ్యికి పైగా అచ్చయ్యాయి.

అన్నిటికన్నా జాగ్రత్త కావలసింది విడాకుల పత్రం. భర్త తన ఇష్టంతో లేఖకుడికి రాయమని చెప్పాలి. ఆ దంపతుల కోసమే చేత్తో 12 వరుసల్లో రాయాలి. ముందే సిద్ధం చేసుకున్న నమూనాలో పేర్లు నింపితే చెల్లదు. తేదీ, ఊరు, ఆ ఊరి నది, ఇద్దరి పేర్లతో పాటు వాడుక పేర్లూ ఉండాలి. దంపతులకు గానీ ఒకరికొకరు గానీ బంధువులు కాని ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. చివరికి భార్య చేతికి అందించాలి.

తప్పులు ఎక్కువగా దొర్లేది పేర్ల దగ్గరే. ఇంట్లో పిలిచే పేరొకటి, కాగితాల్లో మరొకటి ఉంటుంది, ఒక్క అక్షరం తేడాతో పత్రం చెల్లుబాటు మీదే అనుమానం వస్తుంది. ఆ పత్రం చెల్లకపోతే ధర్మశాస్త్రం ప్రకారం ఆమె ఇంకా ఆ భర్తకు భార్యే. మళ్లీ పెళ్లి చేసుకుంటే పుట్టబోయే పిల్లలకూ చిక్కే. భర్త ఇవ్వనంటే రబ్బీ తనంతట తాను పెళ్లి రద్దు చేయలేరు. ఎందరో స్త్రీలు అలా ఏళ్ల తరబడి నలిగిపోయారు. ఈ ధర్మశాస్త్రంలో అన్నిటికన్నా బాధపెట్టే చోటు ఇదే.

ప్రశ్న: బ్రాటిస్లావా వెళ్తే ఏమైనా చూడగలమా?
– పాఠకుడు, సీతమ్మధార

జవాబు: చూడవచ్చు. 1943లో రోడ్డు పనుల కోసం పాత శ్మశానాన్ని తొలగించినా, మోషే సోఫర్ సమాధినీ పక్కనున్న కొన్నిటినీ నేల కింద కాపాడారు. 2002లో అక్కడ కొత్త స్మారకం కట్టారు. స్థానిక యూదు సమాజానికి ముందుగా తెలియజేసి వెళ్లండి, నేరుగా వెళితే తలుపు మూసి ఉండవచ్చు. పాత పుస్తకాల్లో వెతికేటప్పుడు కుటుంబాన్ని ష్రైబర్ అనీ, ఊరిని పోజోనీ అనీ కూడా చూడండి.